మెరుపు దొరికే దూరం

*మూడు రాష్ట్రాలు కలిసే రామకుప్పం మూలన ఎండాకాలపు సాయంత్రాలు మెరుపులతో నిండిపోతాయి. వాటిని కెమెరాలో పట్టాలంటే చురుకైన వేలి కన్నా, ఎక్కడ నిలబడాలో తెలియడం ముఖ్యం.*

ఏప్రిల్ సగం దాటిందంటే కుప్పం ప్రాంతంలో మధ్యాహ్నాలకు ఒక పద్ధతి వస్తుంది. పొద్దున ఆకాశం నిర్మలంగా ఉంటుంది. పది, పదకొండు గంటలకు చిన్న చిన్న తెల్లమబ్బులు లేస్తాయి. రెండింటికల్లా గాలి ఆగిపోయి ఉక్కపోత మొదలవుతుంది. ఆ తర్వాత ఏదో ఒక దిక్కున, ఒకనాడు పడమట కోలారు వైపు, మరొకనాడు ఉత్తరాన పలమనేరు వైపు, ఒక మబ్బు మిగతావాటిని దాటి పైకి పెరగడం మొదలుపెడుతుంది. దాని అంచులు గట్టిగా, స్పష్టంగా ఉన్నంతసేపు అది ఇంకా పెరుగుతోందని లెక్క. తలభాగం పీచుపీచుగా చెదిరి పక్కకు పరుచుకుందంటే పైన నీటిబొట్లు మంచుగా మారాయని అర్థం. ఇక మెరుపులకు ఎంతోసేపు పట్టదు.

రామకుప్పం మండలంలో గొర్రెలు, ఆవులు కాసేవాళ్లకు ఈ సంగతులు ఎవరూ చెప్పనక్కర్లేదు. మబ్బు కట్టిన తీరు, గాలి తిరిగిన దిక్కు, దాంట్లో వచ్చే తడిమట్టి వాసన చూసి మందను ఇంటికి మళ్లించే మనుషులు వాళ్లు. మెరుపును ఫొటో తీయాలనుకునేవాళ్లు నేర్చుకోవాల్సిన మొదటి పాఠం వాళ్ల దగ్గరే ఉంది. కెమెరా సంగతి ఆ తర్వాత.

చిత్తూరు జిల్లాకు నైరుతి కొసన ఉంది రామకుప్పం మండలం ఉన్న కుప్పం నియోజకవర్గం. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం వరకు ఉన్న నేలంతా ఎత్తైన పీఠభూమి. కుప్పం చుట్టుపక్కల సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్లు ఉంటుంది. తూర్పున అడవి దాటితే నేల తమిళనాడు వైపు దిగిపోతుంది. ఎండాకాలంలో లోపలి కర్ణాటక నుంచి రాయలసీమ మీదుగా గాలులు దిక్కు మారే గీత ఒకటి ఏర్పడుతూ ఉంటుంది. వాతావరణ వార్తల్లో ‘ద్రోణి’ అని మనం వినేది ఇలాంటి దాన్నే. సముద్రం మీది తేమగాలి, లోపలి పొడిగాలి అక్కడ తారసపడతాయి. కింద నేల కాలిపోతూ ఉంటుంది. వేడెక్కిన గాలి పైకి లేవడానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు. ఆ వాన మామిడి రైతుకు వరం, దానితో వచ్చే గాలి శాపం. టమాటా వేసిన రైతు వడగళ్లు పడకూడదని మొక్కుకుంటాడు. మళ్లీ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇంకో విడత ఉరుములు. ఏడాదిలో రెండు కాలాలు ఈ ఆకాశం మెరుస్తుంది.

ఫొటో తీసేవాళ్లకు ఇక్కడ ఇంకో సౌకర్యం ఉంది. పెద్ద భవనాలు లేవు. నల్లరాతి గుట్టల మధ్య చేలు, చెరువులు, ఊళ్లు. ఊరి చివరికి వస్తే చాలా చోట్ల ఆకాశం నేల అంచుదాకా కనిపిస్తుంది. చీకటిపడ్డాక అరవై, డెబ్బై కిలోమీటర్ల అవతల మెరుస్తున్న మబ్బు కూడా ఉరుము వినిపించకుండా, లోపల దీపం పెట్టినట్టు వెలిగి ఆరుతూ ఉంటుంది. నాకు తెలిసి మెరుపుల ఫొటోగ్రఫీకి అసలైన చోటు అలాంటిదే. దగ్గరి మెరుపు భయపెడుతుంది. దూరపు మెరుపు తన రూపమంతా చూపిస్తుంది.

ముందే తెరిచిన షట్టర్

మెరుపు కనబడగానే బటన్ నొక్కితే బొమ్మ పడదు. ఎంత చురుకైన చెయ్యి అయినా అంతే. కంటికి కనిపించింది వేలికి చేరడానికి సెకనులో నాలుగో వంతో ఐదో వంతో పడుతుంది. ఆ నొక్కుడును అందుకుని కెమెరా షట్టర్ తెరవడానికి ఇంకొంచెం పడుతుంది. ఒక మెరుపు, దాని తళుకులన్నీ కలుపుకున్నా, సాధారణంగా అర సెకనుకు అటూఇటూగా అయిపోతుంది. అందులో ఒక్కో పెద్ద తళుకు సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు.

కాబట్టి షట్టర్‌ను ముందే తెరిచిపెట్టాలి. రాత్రిపూట కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, మబ్బు ఉన్న దిక్కుకు తిప్పి, మాన్యువల్ మోడ్‌లో ఐఎస్ఓ 100 లేదా 200, ఎపర్చరు ఎఫ్ 8, షట్టర్ సమయం పదిహేను, ఇరవై సెకన్లు పెట్టుకోవాలి. రిమోట్ బటన్‌ను నొక్కి లాక్ చేస్తే కెమెరా ఒక ఫ్రేము తర్వాత మరో ఫ్రేము తీసుకుంటూ పోతుంది. రెండు ఫ్రేముల మధ్య షట్టర్ మూసుకుని ఉండే సమయం కన్ను మూసి తెరిచేంత. అంటే గంటసేపు నడిస్తే, ఆ గంటలో కెమెరా చూడకుండా ఉన్నది మొత్తం మీద కొన్ని పదుల సెకన్లే. ఆ దిక్కున పడిన మెరుపుల్లో తప్పిపోయేది ఎక్కడో ఒకటి.

ఇక్కడే చాలామంది తడబడే సంగతి ఒకటి ఉంది. షట్టర్‌ను పది సెకన్లు తెరిచినా ముప్పై సెకన్లు తెరిచినా మెరుపు గీత వెలుగు ఒకేలా నమోదవుతుంది. మెరుపు వెలిగిన కాలం షట్టర్ తెరిచి ఉన్న కాలంలో చాలా చిన్న భాగం, మిగతా సమయంలో అక్కడ దాని వెలుగే లేదు. గీత మరీ తెల్లగా, లావుగా పడుతోందంటే ఎపర్చరును తగ్గించాలి, లేదా ఐఎస్ఓను తగ్గించాలి. షట్టర్ సమయం చేతిలో ఉన్నది మిగతా ప్రపంచం: గుట్టల అంచులు, చెరువు నీళ్లు, ఊరి దీపాలు, మబ్బు కింది చీకటి. ఈ రెండింటినీ విడివిడిగా సరిచేసుకోవచ్చని తెలిసిన రోజున మెరుపుల బొమ్మ అదృష్టం చేతుల్లోంచి మన చేతుల్లోకి వస్తుంది. మెరుపు దగ్గరైతే ఎఫ్ 11, పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంటే ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400. వాన తెర అడ్డం వస్తే ఇంకా పెంచాలి. అంతకు మించిన సూత్రం లేదు, ఆ రోజు గాలిని బట్టి, తేమను బట్టి రెండు మూడు ఫ్రేములు చూసుకుని సర్దుకోవాల్సిందే.

ఫోకస్ మాత్రం ముందే, మబ్బు దూరంగా ఉన్నప్పుడే చూసుకోవాలి. చీకట్లో ఆటోఫోకస్ పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ తిరుగుతూనే ఉంటుంది. చాలా లెన్సులు అనంతం గుర్తును దాటి కూడా తిరుగుతాయి కనుక ఆ గుర్తును నమ్మి వదిలేయకూడదు. దూరంగా ఉన్న సెల్ టవర్ మీది ఎర్రదీపాన్ని కెమెరా తెర మీద బాగా పెద్దది చేసి, అది చుక్కంత అయ్యేదాకా రింగు తిప్పి, అక్కడ చిన్న టేపు ముక్క అంటించడం నమ్మకమైన పద్ధతి. లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు ఉంటే ఆపేయాలి. ఎక్కువసేపు తెరిచిన ఫ్రేములో మచ్చలు తగ్గించే ఏర్పాటును కూడా ఆపాలి. లేకపోతే ఇరవై సెకన్ల ఫ్రేము తీశాక కెమెరా మరో ఇరవై సెకన్లు షట్టర్ మూసుకుని పని చేసుకుంటుంది. వాన నడుస్తున్న సమయంలో సగం అలా పోతుంది.

పగటి మెరుపు కష్టం. షట్టర్‌ను అన్ని సెకన్లు తెరిస్తే ఫ్రేము అంతా తెల్లబడిపోతుంది. దానికి వెలుగు మార్పును పసిగట్టి షట్టర్‌ను తనంతట తానే విడిచే ట్రిగ్గర్ పరికరాలు ఉన్నాయి. మొదటి తళుకు వాటికీ అందదు. కానీ ఒక మెరుపులో అదే దారిన మూడు, నాలుగు తళుకులు వరసగా వస్తాయి, మధ్యలో సెకనులో ఇరవయ్యో వంతు ఎడం ఉంటుంది. ట్రిగ్గర్‌కు దొరికేవి ఆ తర్వాతి తళుకులు. కంటికి మెరుపు వణికినట్టు కనిపించేది కూడా వీటి వల్లే.

వంకర గీత అబద్ధమని తేల్చిన పలక

మెరుపును ఎందుకు ఫొటో తీయాలి అని అడిగేవాళ్లకు విలియం నికల్సన్ జెన్నింగ్స్ కథ చెప్పాలి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో ఫొటోగ్రాఫర్ ఆయన. ఆ రోజుల్లో చిత్రకారులు మెరుపును పదునైన మూలలున్న వంకర గీతగా వేసేవారు. ఈనాటికీ మన ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర ప్రమాద హెచ్చరిక బోర్డుల మీద ఎర్రగా కనిపించేది ఆ రూపమే. మెరుపు అలా ఉండదని జెన్నింగ్స్‌కు అనుమానం. 1882 సెప్టెంబర్ 2న ఆయన గాజుపలక మీద ఒక మెరుపు దొరికింది. అంతకుముందే, 1847లో, సెయింట్ లూయిస్‌లో థామస్ ఈస్టర్లీ డాగెరోటైప్ పద్ధతిలో ఒక మెరుపును పట్టాడు. కానీ వాదన తేల్చినవి జెన్నింగ్స్ పలకలే. వాటిలో మూలలు లేవు. పీకిన వేరుశనగ మొక్క వేళ్లలా, కిందికి వచ్చేకొద్దీ పాయలు పాయలుగా చీలిన సన్నని గీతలున్నాయి. శతాబ్దాలుగా అందరూ చూస్తూ వచ్చిన దాని ఆకారం ఏమిటో మనుషులకు అప్పుడు తెలిసింది.

ఆకారం తెలిశాక కదలిక తెలియాలి. ఇంగ్లండ్ భౌతిక శాస్త్రవేత్త చార్లెస్ వెర్నన్ బాయ్స్ 1900 ప్రాంతంలో దానికోసం ఒక కెమెరా కట్టాడు. రెండు లెన్సులు ఒక చక్రం మీద ఎదురెదురుగా వేగంగా తిరుగుతాయి. మెరుపులో ముందు వెలిగిన భాగం ఒకచోట, తర్వాత వెలిగిన భాగం కాస్త జరిగి మరోచోట పడతాయి. రెండు లెన్సుల బొమ్మలను పక్కపక్కన పెట్టి కొలిస్తే మెరుపు ఎటు నుంచి ఎటు, ఎంత వేగంతో నడిచిందో తేలుతుంది. ఆలోచన సులువే. దానికి తగిన మెరుపు మాత్రం ఏళ్లూ పూళ్లూ గడిచినా దొరకలేదు. 1928లో, అమెరికాలోని టక్సీడో పార్కులో పనికొచ్చే బొమ్మ పడింది. అప్పటికి బాయ్స్‌కు డెబ్బై మూడేళ్లు. మెరుపుల కోసం కాచుకుని కూర్చున్న ఏ రాత్రయినా ఫ్రేములన్నీ ఖాళీగా వస్తే నాకు ఆ పెద్దాయన గుర్తొస్తాడు, మళ్లీ కూర్చోవాలనిపిస్తుంది.

ఆయన కెమెరాను 1930లలో దక్షిణాఫ్రికాలో బాసిల్ షాన్‌లండ్ బృందం పెద్ద ఎత్తున వాడింది. మెరుపు గురించి ఇవాళ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదానిలో చాలా భాగం ఆ ఫొటోల నుంచి వచ్చిందే. మబ్బులో మంచు పలుకులు, మెత్తని వడగళ్ల ముక్కలు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు విడిపోతుంది. మబ్బు కింది భాగం నుంచి కంటికి ఆనని ఒక తీగ నేల వైపు బయలుదేరుతుంది. అది ఒక్క ఊపున దిగదు. సుమారు యాభై మీటర్లు ఒక అడుగు, అక్కడ సెకనులో పది లక్షల వంతులు ఓ యాభై ఆగి మళ్లీ ఒక అడుగు. ఆగిన ప్రతిచోటా దిక్కు వెతుక్కుంటుంది, పాయలు చీలుతుంది. వేరుశనగ వేళ్ల రూపం అలా వస్తుంది. ఆ తీగ నేలను సమీపించేసరికి కింద ఎత్తుగా ఉన్న వాటి నుంచి, చెట్టు నుంచి, స్తంభం నుంచి, మనిషి నుంచి కూడా, చిన్న చిన్న తీగలు దాన్ని అందుకోవడానికి పైకి లేస్తాయి. వాటిలో ఒకటి కలిసిన క్షణాన దారి పూర్తవుతుంది. అప్పుడు కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు ఆ దారి వెంట నేల నుంచి పైకి, కాంతి వేగంలో మూడో వంతు వేగంతో ఎక్కుతుంది. మనం పైనుంచి పడిందనుకునే తళుకు నిజానికి కిందినుంచి వెళ్లింది. ఆ దారిలో గాలి దాదాపు 30 వేల డిగ్రీలకు వేడెక్కుతుంది, సూర్యుడి పైపొర కన్నా ఐదింతలు. అంత వేడికి గాలి ఒక్కసారిగా విచ్చుకున్న చప్పుడే ఉరుము.

కింది నుంచి లేచే ఆ చిన్న తీగలను బ్రెజిల్‌లో మార్సెలో సాబా బృందం సెకనుకు 40 వేల ఫ్రేములు తీసే కెమెరాతో పట్టింది. 2022 చివర్లో అచ్చయిన ఆ ఫొటోలో ఒక నగరంలోని భవనాల మీది రక్షణ కడ్డీల నుంచి, ఎత్తుగా ఉన్న ఇతర భాగాల నుంచి ముప్పైకి పైగా తీగలు ఒకేసారి ఆకాశం వైపు చేతులు చాచినట్టు లేచి ఉన్నాయి. వాటిలో మెరుపు అందుకున్నది ఒక్కదాన్నే. ఆ ఒక్కటి ఏదవుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు. వాన పడుతుంటే చేను మధ్య ఒంటరి చింతచెట్టు కిందికి పరుగెత్తే ప్రతి మనిషికీ ఆ ఫొటో చూపించాలి.

పది పేర్లు, పది సెకన్లు

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో పదమూడు గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నమోదు చేసింది. ప్రపంచమంతా ఆ అంకె చూసి విస్తుపోయింది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల్లో 2022లో దేశం మొత్తం మీద పిడుగుపాటుకు చనిపోయినవాళ్లు 2,887 మంది. తుఫాను పేరు పెట్టుకుని వస్తుంది, వారం ముందే వార్తల్లో ఉంటుంది. పిడుగు ఒక్కొక్కరినే, ఒక్కో ఊళ్లో తీసుకుపోతుంది. జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త అవుతుంది. పోయేవాళ్లలో ఎక్కువమంది పొలం పనిలో ఉన్నవాళ్లు, పశువులు మేపుతున్నవాళ్లు.

ఫొటో కోసం పోయినవాళ్లూ ఉన్నారు. 2021 జులై 11న జైపూర్ దగ్గర ఆమేర్ కోటకు ఎదురుగా ఉన్న కొండ మీది బురుజు పైన పిడుగు పడి పదకొండు మంది చనిపోయారు. వానను చూస్తూ, సెల్ఫీలు తీసుకుంటూ ఉన్నారని వార్తలు వచ్చాయి. ఫోన్ పిడుగును లాగదు. ఆ మాట ఊళ్లలో బాగా తిరుగుతోంది కానీ అది నిజం కాదు. అక్కడ ప్రాణాలు తీసింది ఎత్తు. ఎత్తైన చోట, చుట్టూ వేరే ఏమీ లేని చోట నిలబడడం. మదనపల్లె పక్కన హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైబడిన ఎత్తు. అక్కడి నుంచి కనిపించే ఆకాశాన్ని మించింది ఈ చుట్టుపక్కల లేదు. మబ్బు ఎక్కడో దూరాన ఉన్నంతవరకే ఆ మాట. కొండ మీదికి వచ్చిందంటే గదిలోకి పోవాలి. గుట్ట తల, చెరువు కట్ట, మిద్దె పైన, ఈ మూడూ మంచి ఫొటోలు వస్తాయని మనసు లాగే చోట్లు. మూడూ పిడుగుకు ఇష్టమైన చోట్లే.

పశువుల సంగతి ఇంకా బాధ. పాడి మీద బతికే ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో. పిడుగు చెట్టు మీద పడ్డాక అక్కడితో ఆగదు. నేలలోకి దిగి నలువైపులా పాకుతుంది. చెట్టుకు దగ్గరగా ఒక వోల్టేజీ, నాలుగడుగుల అవతల ఇంకో వోల్టేజీ. ఆ తేడా ముందుకాళ్లకూ వెనకకాళ్లకూ మధ్య పడితే విద్యుత్తు ఒంట్లోంచి, గుండె మీదుగా పోతుంది. ఆవుకు కాళ్ల మధ్య దూరం ఎక్కువ, అందుకే చెట్టు కింద కట్టేసిన పశువులు వరసగా పడిపోతాయి. 2021 మేలో అస్సాంలోని నగావ్ జిల్లాలో ఒక కొండ మీదా దాని కిందా పద్దెనిమిది ఏనుగులు చచ్చి పడి ఉన్నాయి. పిడుగే కారణమని పరీక్షల్లో తేల్చారు. అంతటి జంతువులకే ఆ గతి.

ఉరిమితే అర్జునుడి పది పేర్లు చదవమని మన పెద్దవాళ్లు నేర్పారు. ఇప్పటికీ చదివే ఇళ్లున్నాయి. నాకు ఆ అలవాటు పోకూడదని ఉంది, దానికి చిన్న లెక్క జోడిస్తే చాలు. మెరుపు కనబడగానే మొదలుపెట్టి ఒక్కో పేరుకు ఒక్కో సెకను చొప్పున నిదానంగా చదవాలి. ధ్వని కిలోమీటరు నడవడానికి మూడు సెకన్లు పడుతుంది. పది పేర్లు పూర్తికాకముందే ఉరిమిందంటే పిడుగు మూడు, నాలుగు కిలోమీటర్ల లోపల పడింది. మూడుసార్లు చదివాక ఉరిమితే పది కిలోమీటర్లు. పది కిలోమీటర్లంటే క్షేమం అనుకోకూడదు. వాన కురిసే చోటును దాటి పదిహేను కిలోమీటర్ల అవతల కూడా, పైన నీలాకాశం ఉండగానే, పిడుగు పడుతుంది. అసలు ఉరుము వినబడిందంటేనే మనం దాని అందుబాటులో ఉన్నట్టు. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రాకపోవడం మేలు.

ఈ జాగ్రత్త ఫొటోకు అడ్డు అని అనుకునేవాళ్లు లెన్సు లెక్క ఒక్కసారి చూడాలి. ఉరుముల మబ్బు పన్నెండు కిలోమీటర్ల ఎత్తుంటుందనుకుందాం. పాతిక కిలోమీటర్ల దూరంలో నిలబడితే, పెద్ద సెన్సార్ ఉన్న కెమెరాకు మామూలు 50 ఎంఎం లెన్సు పెట్టినా, అడుగు నుంచి తలదాకా ఆ మబ్బంతా ఫ్రేములో సరిగ్గా ఇముడుతుంది. దాని పొట్టలో మెరిసే మెరుపు, కింద నేలకు దిగే తీగ, పక్కన చుక్కలు, ముందు గుట్టల వరస, అన్నీ ఒకే ఫొటోలో. ఉరుము ఆ దూరానికి దాదాపు వినబడదు. లెన్సు మీద చినుకు పడదు. అదే మబ్బు నెత్తి మీదికి వచ్చాక తీస్తే ఒక తెల్ల గీత, చుట్టూ మసక, అంతే. మిద్దె మీద నిలబడి తీసి వాట్సాప్‌లో తిప్పే వీడియోలు ఎన్ని చూసినా వాటిలో మెరుపు రూపం కనిపించదు, చప్పుడూ కేకలూ తప్ప. మంచి ఫొటోకూ ప్రాణానికీ కావలసిన దూరం ఒకటే కావడం నాకు ఈ పనిలో అన్నిటికన్నా నచ్చిన సంగతి.

మబ్బు దగ్గరికి వచ్చేసినా పని ఆపనక్కర్లేదు. కెమెరాను వసారా అంచున స్టాండు మీద పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి, వరసగా ఫ్రేములు తీసుకునేలా నడిపించి, మనిషి పక్కా ఇంటి లోపలికి వచ్చి కూర్చోవచ్చు. కెమెరాకూ చేతికీ మధ్య వైరు ఉండకూడదు. రోడ్డు మీద ఉంటే ఇనుప టాపు ఉన్న కారులో అద్దాలు మూసుకుని కూర్చోవాలి. పిడుగు పడినా టాపు మీదుగా జారి నేలకు పోతుంది. ఆటో, ట్రాక్టరు, బైకు ఆ పనికి రావు.

ఫోన్ ఉన్నవాళ్లు కూడా నిరాశపడక్కర్లేదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ప్రో మోడ్ ఉంటుంది. అందులో షట్టర్ పది సెకన్లు, ఐఎస్ఓ 100 పెట్టి, కిటికీ గట్టు మీద ఫోన్‌ను కదలకుండా ఆనించి, టైమర్‌తో నొక్కాలి. అది లేకపోతే వీడియో తీసి, తర్వాత ఒక్కో ఫ్రేము చూసుకుంటూ మెరుపు ఉన్నదాన్ని విడదీసుకోవచ్చు. ఒక్కోసారి ఫ్రేములో పైసగం తెల్లగా, కిందిసగం చీకటిగా వస్తుంది. ఫోన్ సెన్సార్ బొమ్మను పైనుంచి కిందికి వరసవరసగా చదువుతుంది, మెరుపు ఆ చదువు మధ్యలో వచ్చిపోయింది. తప్పు ఫోన్‌ది కాదు, మనదీ కాదు.

రామకుప్పంలో రాత్రిపూట కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లు పిడుగుతో పాటు ఇంకొకదాన్ని తలచుకోవాలి. తూర్పు వైపు అడవి కౌండిన్య అభయారణ్యంలోది. 1990లో ఏర్పడిన ఈ అభయారణ్యం ఆంధ్రప్రదేశ్‌లో అడవి ఏనుగులకు నెలవు. మండలంలోని ననియాల దగ్గర అటవీశాఖ ఏనుగుల శిబిరం ఉంది. పంట ఉన్న రోజుల్లో గుంపులు చేలలోకి వస్తాయి. ‘ఏనుగులు దిగినాయంట’ అన్న మాట చెవిన పడితే ఆ దారి వదిలేయడమే. చీకట్లో అడవి అంచు చేను గట్టు మీద, కంచెల పక్కన, ఉరుముల మధ్య ఏనుగు అడుగుల చప్పుడు వినబడదు. ఊరి చివరి ఇల్లు, రోడ్డు పక్కన ఆపిన కారు, ఈ రెండు చోట్ల నుంచి పడమటి ఆకాశం ఎంతో బాగా కనిపిస్తుంది. అంతకన్నా లోపలికి పోవాల్సిన అవసరం ఏ ఫొటోకూ లేదు.

మబ్బు మీది మెరుపు

బయలుదేరేముందు ‘దామిని’ యాప్ చూడడం మంచి అలవాటు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన ఈ యాప్, మన చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో మెరుపులు ఎక్కడ పడుతున్నాయో చూపిస్తుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల పేర్లతో సహా హెచ్చరికలు పంపుతుంది. ఫొటో తీసేవాళ్లకు ఎటు చూడాలో చెప్పేది, పొలంలో ఉన్నవాళ్లకు ఇంటికి పొమ్మని చెప్పేది ఆ ఒక్క సమాచారమే. ఊళ్లో ఒక్కరి ఫోన్‌లో ఉన్నా పదిమందికి చేరవేయవచ్చు.

తిరుపతి, చిత్తూరు మధ్య గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. అక్కడి ఎంఎస్టీ రాడార్‌కు 1,024 యాంటెనాలు. అవి ఆకాశం వైపు చూస్తూ, ఉరుముల మబ్బులో గాలి ఎంత వేగంతో లేస్తోందన్న దాని నుంచి, 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఏం జరుగుతోందన్న దాకా కొలుస్తాయి. ఆ ఎత్తులో కూడా మెరుపులున్నాయని ఫొటో వల్లే తెలిసింది. పెద్ద మబ్బుల పైన ఎర్రని వెలుగులు చూశామని విమాన చోదకులు ఎన్నోసార్లు చెప్పినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1989 జులై 6న అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు తక్కువ వెలుగులో పనిచేసే ఒక వీడియో కెమెరాను పరీక్షిస్తుంటే, దూరపు మబ్బు మీద రెండు నిలువు వెలుగులు నమోదయ్యాయి. ఇప్పుడు వాటిని స్ప్రైట్లు అంటారు. మబ్బు కింద బలమైన పిడుగు పడిన వెంటనే, దాని పైన 50 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో ఎర్రగా విచ్చుకుని, సెకనులో నూరో వంతు అటూఇటూగా ఆరిపోతాయి.

మబ్బు కింద నిలబడినవాళ్లకు స్ప్రైటు ఎప్పటికీ కనిపించదు, మబ్బే అడ్డం. రెండు మూడు వందల కిలోమీటర్ల అవతల నుంచి చూడాలి. రామకుప్పం నుంచి నేరుగా తూర్పుకు గీత గీస్తే చెన్నై తీరం రెండు వందల కిలోమీటర్ల లోపే వస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో బంగాళాఖాతం మీద రాత్రంతా మెరిసే పెద్ద మబ్బులు కడతాయి. తీరం అవతల, ఇక్కడికి మూడు వందల కిలోమీటర్ల దూరంలో అలాంటి మబ్బు ఉండి, మన నెత్తి మీద ఆకాశం తేటగా ఉంటే, 80 కిలోమీటర్ల ఎత్తున్న స్ప్రైటు తూర్పు అంచుకు పదమూడు డిగ్రీల పైన కనిపించాలి. అంటే చెయ్యి చాపి పట్టుకున్న పిడికిలి కన్నా కాస్త ఎత్తు. గుట్టలూ అడవీ దానికి అడ్డం రావు. ఇందుకు కెమెరా లెక్కలన్నీ మారతాయి. ఎపర్చరు పూర్తిగా తెరవాలి, ఎఫ్ 1.8 లెన్సు ఉంటే మంచిది, ఐఎస్ఓ 3,200 లేదా అంతకు పైన, షట్టర్ ఒకటి రెండు సెకన్లు. చందమామ లేని రాత్రి కావాలి, ఊరి దీపాలు వెనక ఉండాలి.

అలాంటి ఫ్రేము దొరికితే అందమైన బొమ్మగా పంచుకుని ఊరుకోకండి. కెమెరా గడియారాన్ని ముందే ఫోన్ గడియారంతో సెకన్లతో సహా సరిచేసి పెట్టుకోండి. ఎక్కడ నిలబడి తీశారో, ఏ దిక్కుకు తీశారో రాసుకోండి. ఫ్రేములో చుక్కలు ఉంటే దిక్కు ఇంకా కచ్చితంగా తేలుతుంది. అదే రాత్రి అదే వెలుగును కుప్పం నుంచో, మదనపల్లె నుంచో మరొకరు తీసి ఉంటే, రెండు చోట్ల నుంచీ పటం మీద గీతలు గీసుకోవచ్చు. ఆ గీతలు కలిసే చోట, బంగాళాఖాతం మీద ఎక్కడో, ఆ మెరుపు పుట్టింది.